సముద్రం కనిపించాలంటే ఏ సీటు? ఏ సీటా, ఎఫ్ సీటా?

మొన్న ఆదివారం బెంగళూరు నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. జూలైలో వైజాగ్‌లో పెళ్లుంది, ముందు చెన్నైలో మా ఇంటికొచ్చి రెండ్రోజులుండి, ఇక్కణ్ణుంచి అందరం కలిసి వైజాగ్ వెళ్లి, పెళ్లయ్యాక వాళ్లు అట్నుంచి అటే బెంగళూరు వెళ్లిపోవాలని ప్లాను. వాడి ఆరేళ్ల కూతురికి విమానంలోంచి సముద్రం చూపిస్తానని మాటిచ్చేశాడట.

"ఏ సీటు తీస్కున్నావ్ రా?" అన్నా.

"ఏ సీటే మావయ్యా."

"అదేరా, ఏ సీటని."

"అదే చెప్తున్నా, వైజాగ్ ఫ్లైట్‌కి పదిహేను ఏ. ఎడమ పక్క కిటికీ. మూడొందల యాభై ఎక్స్‌ట్రా కూడా కట్టా."

పదిహేనో వరుస అంటే ఆ మామూలు మూడు-మూడు సీట్ల జెట్‌లో సరిగ్గా రెక్క మీద. పాపకి సముద్రం బదులు ఒక పెద్ద బూడిదరంగు రేకు, దాని మీద ఇక్కడ అడుగు పెట్టొద్దని రాసిన అక్షరాలు కనిపిస్తాయి, అంతే. వాడికి ఫోన్లో ముప్పావుగంట చెప్పా, సగం అర్థమైంది సగం కాలేదన్నాడు, అందుకే ఇది తీరిగ్గా రాస్తున్నా. నేను పదకొండేళ్లుగా చెన్నై ఓఎంఆర్ రోడ్డులో ఉద్యోగం, అమ్మావాళ్లేమో కాకినాడ, కాబట్టి చెన్నై-వైజాగ్ ఫ్లైట్ నాకు సిటీ బస్సు లెక్క, ఈ కిటికీల పిచ్చి అలా పట్టుకుంది.

అందరూ చేసే పొరపాటేంటంటే మ్యాప్ తీసి, సముద్రం కుడివైపుంది కాబట్టి కుడివైపు సీటు అని బుక్ చేసేయడం. మ్యాప్ అబద్ధం చెప్పదు గానీ అది మనకి కావాల్సిన ప్రశ్నకి జవాబు కాదు. విమానం పైన పది కిలోమీటర్ల ఎత్తులో పోతున్నప్పుడు లెక్క ప్రకారం దిగంతం మూడొందల యాభై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, అంటే థియరీలో సగం ఆంధ్రా కనిపించాలి. నిజంగా కనిపించేది మాత్రం పాలు కలిపినట్టుండే మసక, అందులో ఎక్కడ నీళ్లు అయిపోయి ఎక్కడ ఆకాశం మొదలైందో తెలీదు. కెరటాలు కూడా అంత ఎత్తు నుంచి కదలవు, సుద్దముక్కతో గీసిన గీతలా ఆగిపోయి ఉంటాయి. కిందకి దిగేకొద్దీ ఒకచోట ఆ గీత ఉన్నట్టుండి కదలడం మొదలుపెడుతుంది చూడండి, అక్కణ్ణుంచీ అసలు సినిమా. అంటే ఎక్కిన తర్వాత పది నిమిషాలు, దిగే ముందు పది పదిహేను నిమిషాలు, సీటు ఎంచుకోవాల్సింది వాటి కోసం. ఆ పది నిమిషాలు విమానం ఎటు తిరుగుతుందో నిర్ణయించేది మ్యాప్ కాదు, గాలి.

విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా ఎక్కుతుంది, ఎదురుగానే దిగుతుంది, ఆ రోజు గాలి మరీ నెమ్మదిగా ఉంటే తప్ప. రన్‌వేకి రెండు చివర్లుంటాయి కదా, ప్రతి చివరికీ ఒక నంబర్, ఆ నంబర్ పక్కన సున్నా పెడితే దిక్సూచి మీద డిగ్రీలు వస్తాయి. చెన్నై పెద్ద రన్‌వే 07/25. 07 అంటే 70 డిగ్రీలు, దాదాపు తూర్పుకి ముక్కు పెట్టి, అంటే సముద్రం వైపు. 25 అంటే 250 డిగ్రీలు, సముద్రానికి వీపు పెట్టి పడమటికి. ఇంకో రన్‌వే 12/30 ఉంది గానీ దాన్ని వదిలేద్దాం.

ఇప్పుడు బెంగళూరు నుంచి చెన్నై చూడండి. సూటిగా రెండొందల డెబ్బై కిలోమీటర్లు, విమానం గాల్లో ఉండేదే ముప్పావుగంట, సముద్రం దారిలో ఎక్కడా లేదు. గాలి తూర్పు నుంచి వస్తుంటే 07 వాడతారు, విమానం పడమటి నుంచి సూటిగా వచ్చి దిగిపోతుంది, శ్రీపెరుంబుదూరు వైపు ఫ్యాక్టరీ షెడ్లు, ఎడమ పక్క చెంబరంబాక్కం చెరువు, టైర్లు నేలకి తగిలేశాయి, అయిపోయింది. మీరు ఏ సీట్లో కూర్చున్నా బీచ్ లేదు, డబ్బులు దండగ. అదే గాలి పడమటి నుంచి వస్తుంటే 25. అప్పుడు విమానం ఊరు దాటి, బీచ్ దాటి, సముద్రం మీదకెళ్లి, అక్కడ గుండ్రంగా తిరిగి వెనక్కొచ్చి దిగాలి. బెంగళూరు టికెట్టుకి సముద్ర విహారం ఫ్రీ. పక్కన కూర్చున్నాయన "ఏంటండీ ఊరు దాటించేశాడు" అని వాచీ చూసుకుంటూ ఉంటాడు, మనకేమో పండగ.

ఎప్పుడు ఏది అనేదానికి మోటుగా ఒక లెక్కుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాలు, గాలి పడమటి నుంచి, ముఖ్యంగా ఉదయం పూట, అంటే 25కి ఛాన్స్ ఎక్కువ. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్యం, కాబట్టి 07. మధ్యలో చెన్నైవాళ్ల దేవుడు సముద్రపు గాలి ఒకడున్నాడు, ఎండ కాసే రోజు మధ్యాహ్నం దాటాక నేల బాగా కాలి వేడిగాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీంచి చల్లగాలి దూసుకొస్తుంది, దాంతో పొద్దున 25లో దిగుతున్న విమానాలు సాయంత్రానికి 07కి మారిపోతాయి. అందుకే మావాడికి చెప్పా, జూలైలో వస్తున్నావ్, మధ్యాహ్నం మూడింటి ఫ్లైట్ మానేసి పొద్దున్న ఏడింటిది పట్టుకో అని. చవగ్గా కూడా ఉంది.

ఇక సముద్రం మీదకెళ్లి తిరుగుతుంది సరే, ఏ కిటికీ? ఇక్కడే మ్యాప్ పక్షం వాళ్లందరూ బోల్తా పడతారు. విమానం తిరిగేటప్పుడు లోపలి వైపుకి వంగుతుంది, ఎడమకి తిరిగితే ఎడమ రెక్క కిందకి దిగి ఆ కిటికీల్లోంచి నేల మొత్తం పళ్లెంలో పెట్టినట్టు కనిపిస్తుంది, కుడివైపు వాళ్లకి ఒట్టి ఆకాశం. చెన్నైకి ఉత్తరంగా వెళ్లి సముద్రం మీద కుడికి తిరిగితే ఎఫ్ కిటికీకి, అంటే కుడి పక్క దానికి, హార్బర్, పొడుగ్గా మెరీనా ఇసక, చివర్లో ఎర్ర తెల్ల చారల లైట్‌హౌస్ వరసగా వస్తాయి. దక్షిణంగా వెళ్లి ఎడమకి తిరిగితే ఏ కిటికీకి కోవళం, ముట్టుకాడు బ్యాక్‌వాటర్, తీరం వెంట పోయే ఈసీఆర్ రోడ్డు, తిరువాన్మియూరు. తిరిగాక రెండు రకాల్లోనూ ఒకటే దారి, శాంథోమ్‌కీ అడయార్ నది ముఖద్వారానికీ ఆ దగ్గర్లో తీరం దాటి లోపలికొస్తారు. దిగే వాలు సాధారణంగా మూడు డిగ్రీలు, అంటే కిలోమీటరుకి యాభై రెండు మీటర్లు దిగుతారు, రన్‌వే అక్కణ్ణుంచి ఇంచుమించు పది కిలోమీటర్లు, కాబట్టి బీచ్ మీద విమానం ఎత్తు రెండువేల అడుగుల లోపే. ఆ ఎత్తులో పట్టినపాక్కం ఒడ్డున ఫైబర్ పడవలు వరసగా లాగి పెట్టి ఉండటం, నది కలిసేచోట నీళ్లు టీ రంగులో ఉండి కొంచెం దూరం పోయాక ఆకుపచ్చగా మారటం, ఆ రెండు రంగుల మధ్య అంచు కుట్టినట్టు నురుగు, అన్నీ కనిపిస్తాయి. నేను ఒక జూలైలో చూశా, పొద్దున ఎనిమిదిన్నరకి. ఒడ్డున ఒకాయన వల దులుపుతున్నాడో దుప్పటి దులుపుతున్నాడో తెలీలేదు గానీ ఏదో దులుపుతున్నాడని మాత్రం తెలిసింది.

ఉత్తరంగా తిప్పుతారా దక్షిణంగానా అనేది ట్రాఫిక్‌ని బట్టి, కింద నుంచి పైలట్లకి దారి చెప్పే కంట్రోలర్ ఇష్టం. అయితే ఒక కిటుకుంది. ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో మీ ఫ్లైట్ నంబర్ కొడితే గత కొన్ని రోజులుగా అదే ఫ్లైట్ ఏ గీత మీద వచ్చిందో బొమ్మ వస్తుంది. నాలుగు రోజులవి చూడండి, మూడు రోజులు ఒకేలా వచ్చిందంటే ఐదో రోజూ చాలావరకు అలాగే వస్తుంది. ఇంకా పిచ్చి ముదిరితే విమానాశ్రయం వాతావరణ రిపోర్టు చూడొచ్చు, మెటార్ అంటారు, చెన్నై కోడ్ వీఓఎంఎం, అందులో 25008కేటీ అని ఉంటే 250 డిగ్రీల నుంచి 8 నాట్ల వేగంతో గాలి అని అర్థం. గాలి ఎప్పుడూ 'నుంచి' లెక్క, ఎటు పోతుందో కాదు ఎట్నుంచి వస్తుందో. దీన్ని తిరగేసి చదివి నేను మొదట్లో రెండుసార్లు తప్పు కిటికీ కొన్నా. వెబ్ చెకిన్ సాధారణంగా నలభై ఎనిమిది గంటల ముందు తెరుస్తారు, కాబట్టి టికెట్ కొనేటప్పుడే సీటుకి డబ్బులు కట్టేయకుండా ఆ టైమ్‌కి గాలి చూసుకుని కడితే మేలు. కాకపోతే అప్పటికి మంచి కిటికీలు అయిపోతాయేమో అన్న భయం ఉంటుంది, అది ఎవరి గుండె వాళ్లది.

వైజాగ్ సంగతి ఇంకా తమాషా. ఒకే ఊరికి చెన్నై నుంచి వెళ్తే ఒక కిటికీ, బెంగళూరు నుంచి వెళ్తే ఇంకో కిటికీ. చెన్నై నుంచి వైజాగ్‌కి స్కేలు పెట్టి గీత గీయండి, గీత దాదాపు మొత్తం సముద్రం మీదే పడుతుంది, ఎందుకంటే మన తీరం నెల్లూరు, ఒంగోలు దగ్గర లోపలికి వంగి బాపట్ల దాటాక మళ్లీ బయటికి వస్తుంది, విల్లులా, విమానం ఆ విల్లుకి కట్టిన తాడు మీద పోతుంది. కాబట్టి ఎడమ కిటికీ, ఏ సీటు. మొదటి సగం నీళ్లు తప్ప ఏమీ ఉండదు, తీరం వంద నూటయాభై కిలోమీటర్ల దూరంలో ఉండిపోతుంది, ఆ టైమ్‌లో శాండ్‌విచ్ తినేయండి. కోనసీమ దగ్గరికొచ్చేసరికి తీరం మళ్లీ దగ్గరవుతుంది, గోదావరి పాయలు సముద్రంలో కలిసేచోట వానాకాలమైతే ఎర్రమట్టి నీళ్లు నీలం నీళ్లలోకి చాలా దూరం నాలుకలా చాచి ఉంటాయి, ఆ తర్వాత కోరింగ మడ అడవుల ముదురు ఆకుపచ్చ, కాకినాడ తీరానికి ఎదురుగా సన్నగా హోప్ ఐలాండ్. మా ఊరు అక్కడే కాబట్టి నాకు కొంచెం పక్షపాతం ఉందని ఒప్పుకుంటా.

అదే బెంగళూరు నుంచి గీత గీస్తే మచిలీపట్నం, నర్సాపురం, కాకినాడ ఈ ఊళ్ల మీదుగా, అంటే సరిగ్గా తీరం నెత్తి మీద పడుతుంది. ఇక్కడ పాయలు కలిసే చోట్లు, సముద్రం కుడివైపు, ఎఫ్ సీటు. ఎడమవైపు వాళ్లకి కొల్లేరు, రాజమండ్రి దగ్గర గోదావరి వెడల్పు, అదీ తక్కువేం కాదు. విమానాలు స్కేలు పెట్టిన గీత మీదే పోవు, వాటి దారులు వాటికుంటాయి, పది ఇరవై కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది, ఈ తీరం మీద పోయే రూట్‌లో ఆ ఇరవై కిలోమీటర్లకే కథ మారిపోవచ్చు, మళ్లీ ఆ యాప్ బొమ్మే గతి.

ఎండ సంగతి ఇక్కడే చెప్పాలి. ఎండ మన వెనకుంటే తీరం రంగులన్నీ తేటగా కనిపిస్తాయి, ఎదురుగా ఉంటే నీళ్లు మొత్తం ఒక తగరపు పళ్లెం. చెన్నై నుంచి వైజాగ్ పొద్దున ఫ్లైట్‌లో ఎడమ కిటికీ వాయవ్యం చూస్తుంది, సూర్యుడు అవతలి పక్క, బ్రహ్మాండం. బెంగళూరు నుంచి వైజాగ్ పొద్దున వెళ్తే కుడి కిటికీ ఆగ్నేయం చూస్తుంది, సూర్యుడు నేరుగా మొహం మీద, పక్కాయన షట్టర్ వేసెయ్యమంటాడు. ఆ రూట్‌లో మధ్యాహ్నం తర్వాతదే మంచిది. ఎండలో మెరిసే నీళ్లే అందం అనేవాళ్లూ ఉన్నారు, మా ఆవిడ ఆ బ్యాచ్, కాబట్టి దీని మీద ఇంట్లో వాదన పెట్టుకోను.

వైజాగ్‌లో దిగటం మాత్రం చెన్నైలా జూదం కాదు. అక్కడ రన్‌వే 10/28, పడమటి వైపు కొండలున్నాయి, అందుకని ఎక్కువగా సముద్రం వైపు నుంచే వచ్చి 28 మీద దిగుతారు. హార్బర్ మీదుగా వస్తుంటే ఎడమవైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని వెనక యారాడ బీచ్, కుడివైపు ఆర్కే బీచ్, ఇంకొంచెం దూరంగా కైలాసగిరి. చెన్నై నుంచి వచ్చే విమానం దిగటానికి ఎడమకే తిరగాలి కాబట్టి తీరానికీ ఏ, తిరుగుడుకీ ఏ, చివరి కొండకీ ఏ, ఆర్కే బీచ్ ఒక్కటి వదులుకోవాలి. తిరిగి బెంగళూరు వెళ్లేటప్పుడు పేచీ ఉంది. సముద్రం వైపు ఎక్కి కుడికి తిరిగితే ఆ రెండు మూడు నిమిషాలు కుడి కిటికీది, యారాడ, గంగవరం పోర్టు అటే. ఆ తర్వాత అరగంట గోదావరి ముఖద్వారాలు ఎడమ కిటికీవి. నేనైతే యారాడకే ఓటేస్తా, దగ్గర నుంచి చూసిన రెండు నిమిషాలు దూరం నుంచి చూసిన అరగంట కంటే మేలని నా అభిప్రాయం. అన్నట్టు వైజాగ్ రన్‌వే నేవీది, ఫోటోలు తియ్యొద్దని అనౌన్స్ చేస్తారు, ఫోన్ జేబులో పెట్టి కళ్లతో చూడండి. గోవా డబోలిమ్ కూడా నేవీదే, అదే రూలు. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టులో దిగే ఫ్లైట్‌కి ఈ దిగే లెక్క పనికిరాదు, మొదట్నుంచీ వేసుకోవాలి.

ఇప్పుడు రెక్క గొడవ. ఎయిర్‌బస్ ఏ320 రకం జెట్‌లో సుమారు పదో వరుస నుంచి ఇరవయ్యో వరుస దాకా రెక్క అడ్డం. ఇరవై రెండు తర్వాత కూర్చుంటే రెక్క అడ్డం పోతుంది గానీ ఇంజన్ వేడిగాలి వెనక్కి పోతూ ఉంటుంది కదా, దాని గుండా చూస్తే ఎండాకాలం తారు రోడ్డు మీద కనిపించినట్టు అంతా వణుకుతుంది, కంటికి పర్లేదు గానీ ఫోటో తేటగా రాదు. అందుకే ముందు వరుసలు, ఎనిమిది లోపు. వాటికే రేటెక్కువ, వాళ్లకీ తెలుసు. ఇక బోయింగ్ 737 రకంలో ఇంకో ప్రమాదం, రెక్కకి కాస్త ముందు ఏసీ గొట్టాలు గోడలోంచి పైకి పోతాయి, అక్కడ కిటికీయే ఉండదు. ఒకసారి నేను విండో సీటని డబ్బులు కట్టి వెళ్లి కూర్చుంటే పక్కన తెల్లటి ప్లాస్టిక్ గోడ. ఎయిర్‌హోస్టెస్‌ని అడిగితే "సర్, ఇది విండో సైడ్ సీట్" అంది. ఆ 'సైడ్' అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. రిఫండ్ అడిగా, రాలేదు, వదిలేశా.

నన్నడిగితే తీరం చూడ్డానికి అన్నిటికంటే మంచి విమానం ఫ్యాన్లున్న చిన్న ఏటీఆర్. చాలామంది దాన్ని చూసి బస్సులా ఉందని భయపడతారు. రెక్క కిటికీల పైన ఉంటుంది, కాబట్టి కిందకి చూపు ఎక్కడా అడ్డం లేదు, పైగా అది జెట్ అంత ఎత్తుకి పోదు, ఇరవై వేల అడుగుల లోపే పోతూ ఉంటుంది, నెమ్మదిగా పోతుంది, చూసుకున్నోళ్లకి చూసుకున్నంత. ముందు వరుసల్లో కూర్చుంటే ఫ్యాన్ రెక్కలు, చప్పుడు, కాబట్టి ఇందులో మాత్రం వెనక సీట్లు తీస్కోండి, ఎక్కే తలుపు కూడా వెనకే. చక్రాలు పొట్ట పక్కనుంచి బయటికి రావడం కూడా కొన్ని కిటికీల్లోంచి కనిపిస్తుంది, పిల్లలకి సముద్రం కంటే అదే నచ్చుతుంది.

మిగతా రూట్లు గబగబా. చెన్నై నుంచి కొలంబో వెళ్తే కుడి కిటికీ, మబ్బు లేకపోతే రామసేతు ఇసక దిబ్బలు పాలిపోయిన ఆకుపచ్చ నీళ్లలో కనిపిస్తాయి. బెంగళూరు నుంచి గోవా డబోలిమ్‌కి నేల వైపు నుంచి దిగితే ఎడమ పక్క వెల్సావ్ నుంచి కోల్వా మీదుగా పోయే పొడుగాటి బీచ్ గీత, కుడి పక్క జువారి నది. పోర్ట్‌బ్లెయిర్, అదే ఇప్పుడు శ్రీ విజయపురం, దానికి చెన్నై నుంచి రెండు గంటలు రెండువైపులా నీళ్లే, అండమాన్ దీవులు ఎక్కువగా ఊరికి ఉత్తరంగా పరుచుకుని ఉన్నాయి కాబట్టి వెళ్లేటప్పుడు ఎడమ, వచ్చేటప్పుడు కుడి. అక్కడ చివరి పది నిమిషాలకి మాత్రం నిద్రపోవద్దు.

కిటికీ దొరికాక చిన్న జాగ్రత్తలు రెండు. పోలరాయిడ్ కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుని చూస్తే కిటికీ ప్లాస్టిక్‌లో ఇంద్రధనుస్సు చారలు కనిపిస్తాయి, కళ్లు పాడయ్యాయేమో అని కంగారు పడకండి, కళ్లజోడు తీసెయ్యండి చాలు. ఫోటో తీస్తే ఫోన్ లెన్స్‌ని అద్దానికి దగ్గరగా, ఆనించకుండా పెట్టండి, ఆనిస్తే విమానం వణుకు ఫోటోలోకి వస్తుంది, దూరం పెడితే అద్దంలో మీ చొక్కా ప్రతిబింబం వస్తుంది. ముదురు రంగు చొక్కా వేస్కుంటే ఇంకా మంచిది.

మావాడి సంగతికొస్తే, పదిహేను ఏ మార్చుకున్నాడు. వైజాగ్ ఫ్లైట్‌కి ఐదు ఏ పాపకి, ఐదు బీ వాడికి, పన్నెండేళ్ల లోపు పిల్లల్ని తల్లో తండ్రో పక్కనే కూర్చోబెట్టాలని 2024లో విమానాల మీద అజమాయిషీ చేసే డీజీసీఏ ఆర్డర్ కూడా ఉంది కాబట్టి ఆ బెంగ లేదు. వైజాగ్ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఎఫ్, యారాడ నా మాట మీద. బెంగళూరు-చెన్నై సీటు మాత్రం ఇంకా తీస్కోలేదు, వెబ్ చెకిన్ తెరిచిన రోజు నాకు ఫోన్ చేస్తాడు, నేను గాలీ, యాప్‌లో ముందు నాలుగు రోజుల గీతలూ చూసి చెప్పాలి.

"ఒకవేళ ఆ రోజు 07 అయితే మావయ్యా?"

"చెంబరంబాక్కం చెరువు చూపించి సముద్రమని చెప్పు. ఆరేళ్ల పిల్ల కదా, సాయంత్రం నేను బీసెంట్ నగర్ బీచ్‌కి తీసుకెళ్తాలే."